ఆఫ్రికా జీడిపిక్క కంటైనర్ కొనేముందు చూసుకోవాల్సినవి

పలాస, కాశీబుగ్గ వైపు చిన్న జీడి ఫ్యాక్టరీ పెట్టుకున్నవాళ్లు జూన్ దాటగానే పడే టెన్షన్ ఒక్కటే, మన పిక్క అయిపోయింది, ఇక కూలీలకి పనెలా చూపించాలి అని. ఉద్దానం తోటల్లో పిక్క మార్చి నుంచి మే దాకా వస్తుంది. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను ఆ తోటల్ని నేలమట్టం చేసి పోయాక వచ్చే ఆ కాస్తా కూడా తగ్గింది. మిగిలిన నెలల్లో బాయిలర్ మండాలంటే ఆఫ్రికా పిక్కే దిక్కు.

ఇన్నాళ్లూ చిన్నవాళ్లం వైజాగ్‌లోనో తూత్తుకుడిలోనో పెద్ద ఇంపోర్టర్ దగ్గర ఐదు టన్నులో పది టన్నులో లోకల్‌గా కొనుక్కునేవాళ్లం. ఇప్పుడు వాట్సాప్ వచ్చాక ఐవరీ కోస్ట్‌లోని అబిద్‌జాన్ నుంచి, బెనిన్‌లోని కోటొను నుంచి నేరుగా మన ఫోన్‌కే ఆఫర్లు వస్తున్నాయి. రేటు చూస్తే ఎవరికైనా నోరూరుతుంది. అలా నోరూరి కొన్న మొదటి కంటైనర్‌లో నాకు పోయింది దాదాపు 2 లక్షల 85 వేలు, అది ఎలా పోయిందో కింద లెక్కతో సహా చెబుతాను. మీరు నేరుగా తెప్పించుకోవాలనుకుంటే ముందు ఇది చదివి, తర్వాత అడ్వాన్స్ పంపండి.

అన్నిటికన్నా ముందు బుర్రకెక్కించుకోవాల్సింది ఒకటుంది. మనం కొనేది పిక్క కాదు, అందులోని పప్పు. ఈ వ్యాపారంలో దాన్ని అవుటర్న్ అంటారు, కాగితాల మీద కేఓఆర్ అని రాస్తారు. 80 కిలోల బస్తా పిక్క కోస్తే ఎన్ని పౌండ్ల పనికొచ్చే పప్పు వస్తుందన్నదే ఆ అంకె. పిక్కని కిలోల్లో తూచి పప్పుని పౌండ్లలో చెప్పడం ఏమిటని మొదట్లో నాకూ తిక్కగానే అనిపించింది, కానీ ప్రపంచమంతా అదే వాడుక, అలవాటు చేసుకోవాల్సిందే. 48 అవుటర్న్ అంటే బస్తాకి 48 పౌండ్లు, అంటే 21.77 కిలోల పప్పు. గినియా బిస్సావు పిక్క మంచి సీజన్‌లో 50 దాటుతుంది. ఐవరీ కోస్ట్‌ది సాధారణంగా 46, 48 మధ్య ఆడుతుంది. టాంజానియా పిక్క గింజ పెద్దది, పప్పూ బాగుంటుంది, దానికి తగ్గట్టే రేటూ ఉంటుంది. ఎవరైనా అవుటర్న్ చెప్పకుండా "టన్ను ఇంత, సూపర్ క్వాలిటీ సర్" అన్నాడంటే అతను మీకు చెప్పింది ఏమీ లేదన్నట్టే.

అందుకే ఇంపోర్ట్ లైసెన్స్ గురించి ఆలోచించేలోపే కోత పరీక్ష మీ చేత్తో మీరు నేర్చుకోండి. దీనికి కంప్యూటర్ అక్కర్లేదు, గ్రాములు సరిగ్గా చూపించే ఒక త్రాసు, కోత మిషన్, తేమ చూసే మీటర్ ఉంటే చాలు. లాట్‌లో కనీసం పదింట ఒక బస్తా నుంచి, పైనా మధ్యా అడుగునా, కాస్త కాస్త పిక్క తీయండి. పైపై బస్తాలు మాత్రమే చూశారంటే మీకు చూపించాలనుకున్నదే మీరు చూశారన్నమాట. తీసిందంతా శుభ్రమైన నేల మీద కుప్ప పోసి బాగా కలిపి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురుగా ఉన్న రెండు భాగాలు ఉంచుకుని మిగతాది పక్కకు నెట్టేయండి. కిలో మిగిలేదాకా ఇలాగే చేయాలి. ఆ కిలోలో ఎన్ని గింజలున్నాయో లెక్కపెట్టండి, అదే నట్ కౌంట్. 180 నుంచి 200 లోపు ఉంటే గింజ పెద్దదని, 210 దాటితే చిన్నదని. చిన్న గింజకి కోత కూలి ఎక్కువ, పైగా పప్పు చిన్న గ్రేడ్‌లోకి పోతుంది, అంటే రెండు వైపులా దెబ్బే.

తర్వాత చేతికి ఆముదం రాసుకుని (జీడి రసం అంటితే వారం పాటు తోలు ఊడుతుంది, కొత్తవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకుంటారు) ఒక్కో గింజా కోసి పప్పుని వేరువేరుగా పెట్టండి. తెల్లగా నిండుగా ఉన్న మంచి పప్పు ఒక గిన్నెలోకి, మచ్చలు పడ్డవీ సరిగ్గా ముదరనివీ రెండో గిన్నెలోకి, పుచ్చు, బూజు, నూనె దిగిపోయినవి, లోపల ఏమీ లేని తాలు గింజలు మూడో గిన్నెలోకి. మంచి పప్పు బరువు పూర్తిగా, రెండో గిన్నె బరువులో సగం కలపండి. మూడోది సున్నా. వచ్చిన గ్రాముల్ని 0.17637తో గుణిస్తే అవుటర్న్ వచ్చేస్తుంది. మా టేబుల్ మీద మొన్న వచ్చిన లెక్క చెబుతాను: కిలోలో 196 గింజలు, మంచి పప్పు 262 గ్రాములు, మచ్చది 24 గ్రాములు. 262కి 12 కలిపితే 274, దాన్ని గుణిస్తే 48.3. ఈ లాట్ కొనొచ్చు. ఒక్క కిలోతో ఆగకండి, కనీసం మూడు కోతలు కోసి సరాసరి తీయండి.

తేమ కూడా అప్పుడే చూడాలి. 8 నుంచి 10 శాతం మధ్య ఉంటే బాగున్నట్టు. 12 ఉందంటే పదహారు టన్నుల కంటైనర్‌లో నాలుగైదు వందల కిలోల నీళ్లకి మీరు డాలర్లు కడుతున్నట్టు లెక్క. డబ్బు సంగతి అలా ఉంచండి, ఆ తడి పిక్క మూసిన ఇనప పెట్టెలో నెలన్నర, రెండు నెలలు సముద్రం మీద ఉడికి వస్తుంది. పశ్చిమ ఆఫ్రికా నుంచి వైజాగ్‌కి వచ్చే కంటైనర్ దారిలో కొలంబోలోనో సింగపూర్‌లోనో ఇంకో ఓడకి మారుతుంది, అక్కడ ఎన్ని రోజులు పడుంటుందో ఎవరి చేతిలోనూ లేదు. పగలు ఎండకి వేడెక్కి రాత్రి చల్లబడి, పైకప్పు లోపల చెమట పట్టి, ఆ చుక్కలు బస్తాల మీద పడతాయి. అందుకే కంటైనర్ లోపల క్రాఫ్ట్ పేపర్ పరచాలి, తేమ పీల్చే డ్రై బ్యాగులు వేలాడదీయాలి అని కాంట్రాక్ట్‌లో రాయించుకోండి. లోడింగ్ ఫొటోల్లో అవి కనబడకపోతే అప్పుడే అడగండి, ఓడ కదిలాక అడిగి లాభం లేదు.

ఇప్పుడు నా నష్టం లెక్క. కాంట్రాక్ట్‌లో 48 అని రాసుకున్నాం. కంటైనర్ తలుపు తీసిన రోజు మా దగ్గర ఇరవై ఏళ్లుగా కోతలో ఉన్న ఒక అమ్మ ఒక బస్తాలో చెయ్యి పెట్టి నాలుగు గింజలు గలగలలాడించి చూసి, "ఏటి బాబూ ఇది, సగం నల్లపప్పే" అంది. ఇంకా ఒక్క గింజా కోయలేదు. కోస్తే సరాసరి 43.5 వచ్చింది. పదహారు టన్నులంటే రెండు వందల బస్తాలు, బస్తాకి ఒక్క పౌండు తగ్గిందంటే మొత్తం మీద 90 కిలోల పైచిలుకు పప్పు తగ్గినట్టు. పప్పు కిలో సరాసరి 700 వేసుకున్నా పౌండుకి 63 వేలు దాటుతుంది. నాకు తగ్గింది నాలుగున్నర పౌండ్లు. మా కాంట్రాక్ట్‌లో 48 అని ఉంది కానీ తగ్గితే ఏం చేయాలో ఒక్క ముక్క లేదు. అమ్మినవాడు ఫోన్ ఎత్తడం మానేశాడు. తప్పు అతనిది సగం, కాగితం చదవకుండా సంతకం పెట్టిన నాది సగం.

కాబట్టి కాంట్రాక్ట్‌లో అవుటర్న్ అంకె ఒక్కటే చాలదు, దాని కింద మూడు మెట్లు ఉండాలి. 48 అన్నాక 46 దాకా తగ్గితే ధర అదే నిష్పత్తిలో తగ్గాలి. టన్ను 1,400 డాలర్లనుకుంటే ఒక్కో పౌండు విలువ టన్నుకి 29 డాలర్ల పైన. 46 నుంచి 45 దాకా దానికి రెట్టింపు కోత. 45 కన్నా తగ్గితే సరుకు వద్దనే హక్కు మనది. నట్ కౌంట్‌కీ తేమకీ కూడా పై హద్దు రాయాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది, ఏ పరీక్ష చెల్లుతుందన్నది: లోడింగ్ పోర్టులో చేసిందా, మన పోర్టులో చేసిందా? అమ్మేవాళ్లు లోడింగ్ దగ్గర చేసిందే ఫైనల్ అంటారు, మనం దిగుమతి దగ్గర చేసింది అంటాం. కొత్త కొనుగోలుదారుడికి రెండోది అంత తేలిగ్గా ఇవ్వరు. నేనిప్పుడు చేసేది మధ్యే మార్గం: 98 శాతం డబ్బు ఓడ కాగితాలు బ్యాంకుకి చేరాక వాటి మీద, మిగిలిన 2 శాతం మన దగ్గర తూకం, కోత అయ్యాక. ఆ రెండు శాతం పెద్ద మొత్తం కాదు, కానీ అది మన చేతిలో ఉన్నంతకాలం అవతలివాడు ఫోన్ ఎత్తుతాడు.

తనిఖీకి ఎస్‌జీఎస్, బ్యూరో వెరిటాస్, కోటెక్నా, ఇంటర్‌టెక్ లాంటి సంస్థలున్నాయి. తనిఖీ చేసేవాళ్లని మీరే పెట్టుకోండి, ఫీజు మీరే కట్టండి. అమ్మేవాడు పెట్టుకున్న తనిఖీదారు అమ్మేవాడి మనిషే. వాట్సాప్‌లో వచ్చిన సర్టిఫికెట్ పీడీఎఫ్‌ని నమ్మకండి, దాని మీద ఉన్న నంబర్‌తో ఆ సంస్థ ఆఫీసుకే మెయిల్ పెట్టి నిజమో కాదో కనుక్కోండి. బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఓడెక్కిందని షిప్పింగ్ కంపెనీ ఇచ్చే కాగితం) వచ్చిందంటే షిప్పింగ్ కంపెనీ వెబ్‌సైట్‌లో కంటైనర్ నంబర్ కొట్టి చూడండి, ఐదు నిమిషాల పని. మార్కెట్ కన్నా టన్నుకి 200, 300 డాలర్లు తక్కువకి ఇస్తానంటూ "ఎక్స్‌పోర్ట్ లైసెన్స్ ఫీజు" కోసం ముప్పై శాతం అడ్వాన్స్ అడిగేవాడి దగ్గర సరుకు లేదు, ఫోన్ మాత్రమే ఉంది.

ఏ దేశం, ఎప్పుడు అన్నది ఇంకో చిక్కు. పశ్చిమ ఆఫ్రికాలో కోత ఫిబ్రవరి నుంచి జూన్ దాకా. మొదట వచ్చేదే మంచి పిక్క, వానలు పట్టుకున్నాక వచ్చేదానికి తేమ ఎక్కువ, అవుటర్న్ తక్కువ. కాబట్టి మే నెలలో రేటు తగ్గిందని సంబరపడి కొనకండి, అది ఎందుకు తగ్గిందో పిక్కలోనే ఉంటుంది. పాత సంవత్సరం మిగిలిన సరుకు కొత్తదాంట్లో కలిపే అలవాటు కూడా ఉంది. తొక్క మెరుపు లేకుండా, పప్పు పసుపు తిరిగి, కాస్త నూనె వాసన వస్తే అది పోయినేడాది పిక్క. టాంజానియాది అక్టోబర్ నుంచి, ఎంత్వారా వైపు నుంచి వస్తుంది, సరిగ్గా మనకి పిక్క కరువున్న నెలల్లో. కాకపోతే అక్కడ రైతు నుంచి నేరుగా కొనడం కుదరదు, సహకార సంఘాల గోడౌన్లలో చేర్చిన సరుకుని వేలంలోనే అమ్ముతారు. 2018 నవంబర్‌లో వేలంలో రేటు తక్కువ పలుకుతోందని అప్పటి అధ్యక్షుడు మాగుఫులి వ్యాపారుల్ని పక్కనపెట్టి, కిలో 3,300 షిల్లింగులకి ప్రభుత్వమే కొంటుందని చెప్పి సరుకు తరలించడానికి సైన్యాన్ని దించాడు. బుక్ చేసుకున్నవాళ్లు నోళ్లు వెళ్లబెట్టారు. అక్కడ పిక్క అంటే రైతుల ఓట్లు కూడా, మన దగ్గర ఉల్లిపాయ లాగే.

ఐవరీ కోస్ట్ ప్రపంచంలోనే ఎక్కువ పిక్క పండించే దేశం, అందులో ఎక్కువ వియత్నాం కొనుక్కుపోతుంది. అంటే మీ పోటీదారు పక్క వీధి ఫ్యాక్టరీ కాదు, వియత్నాం మిషన్లు. వాళ్లు కొనడం మొదలెట్టిన వారంలో రేటు ఎగిరిపడుతుంది, వాళ్లు ఆగిన వారంలో కూర్చుంటుంది. ఇంకో మాట, ఐవరీ కోస్ట్, బెనిన్, సెనెగల్, బుర్కినా ఫాసో, గినియా బిస్సావుల్లో వాడేది సీఎఫ్‌ఏ ఫ్రాంక్, అది యూరోకి కట్టేసి ఉంది, ఒక యూరోకి 655.957 ఫ్రాంకులు. రైతుకి ఫ్రాంకుల్లో ఇస్తారు, మనకి డాలర్లలో అమ్ముతారు. యూరో బలపడిందంటే తోటలో రేటు మారకపోయినా మనకి డాలర్ రేటు పెరుగుతుంది. నేను ఇది గమనించడానికి రెండు సీజన్లు పట్టింది.

సుంకం దగ్గర తేడా తెలిసినవాడికి లాభం. పిక్క మీద కస్టమ్స్ సుంకాన్ని 2018 బడ్జెట్‌లో 5 నుంచి 2.5 శాతానికి తగ్గించారు. అయితే 2008 ఏప్రిల్‌లో ఢిల్లీలో జరిగిన మొదటి భారత్-ఆఫ్రికా శిఖరాగ్ర సమావేశంలో మన్మోహన్ సింగ్ ప్రకటించిన పథకం ఒకటుంది, బాగా వెనుకబడిన దేశాల సరుకుకి సుంకం తీసేయడమో తగ్గించడమో చేస్తామని. ఆ రోజు ఆయన పేరుపెట్టి చెప్పిన సరుకుల్లో జీడిపిక్క ఉంది. బెనిన్, బుర్కినా ఫాసో, సెనెగల్, టాంజానియా, మొజాంబిక్ ఆ కోవలోకి వస్తాయి. ఐవరీ కోస్ట్, ఘనా, నైజీరియా రావు. పదహారు టన్నుల కంటైనర్ టన్ను 1,400 డాలర్ల చొప్పున 22,400 అయితే, 2.5 శాతం అంటే 560 డాలర్లు, డాలర్ 85 వేసుకుంటే 47,600 రూపాయలు. చిన్నవాళ్లకి ఇది ఒక వారం కూలి. దీనికోసం ఆ దేశపు అధికారులిచ్చిన సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ ఒరిజినల్ కావాలి. 2020 సెప్టెంబర్ నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం సరుకు నిజంగా అక్కడ పండిందనడానికి ఆధారాలు మన దగ్గర కూడా ఉండాలి. పశ్చిమ ఆఫ్రికాలో పిక్క రాత్రికి రాత్రి సరిహద్దు దాటుతుంది, అక్కడ పండింది ఇక్కడ సంచిలోకెక్కుతుంది. "కాగితం బెనిన్‌ది రాయించి ఇస్తాను" అనేవాడి మాట వినకండి, రేపు నోటీసు వచ్చేది మీ పేరు మీద. ఐజీఎస్‌టీ 5 శాతం ఏ దేశమైనా కట్టాల్సిందే, అది తర్వాత క్రెడిట్ అవుతుంది.

మిగతా కాగితాల పని భయపడేంత లేదు. దిగుమతి చేసుకోవడానికి కావాల్సిన ఐఈసీ కోడ్‌కి కేంద్ర విదేశీ వాణిజ్య విభాగం డీజీఎఫ్‌టీ సైట్‌లో ఆన్‌లైన్‌లోనే 500 రూపాయలతో అప్లై చేయొచ్చు. బ్యాంకులో కరెంట్ ఖాతా, వైజాగ్‌లో పిక్క చూసిన అనుభవం ఉన్న కస్టమ్స్ ఏజెంట్ ఉండాలి. ఈ ఏజెంట్ ముఖ్యం, గ్రానైట్ క్లియర్ చేసేవాడికి పిక్క తెలీదు. ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (సరుకుకి పురుగూ తెగులూ లేదని ఇచ్చేది), ఫ్యూమిగేషన్ సర్టిఫికెట్ (పురుగు చావడానికి మందు పొగ పెట్టినట్టు ఇచ్చేది) ఎలా ఉండాలి, పొగ ఏ మందుతో, ఏ మోతాదులో ఉండాలన్నది ఓడ ఎక్కకముందే డ్రాఫ్ట్ తెప్పించుకుని ఏజెంట్‌కి చూపించండి. ఒక్క పదం తేడా వచ్చినా కంటైనర్ పోర్టులో కూర్చుంటుంది, రోజుకింత అని డెమరేజ్ డాలర్లలో ఎక్కుతుంది. షిప్పింగ్ కంపెనీ మామూలుగా ఇచ్చే ఉచిత రోజులు చాలవు, బుకింగ్ అప్పుడే 21 రోజులు అడిగించండి. అడిగితే చాలాసార్లు ఇస్తారు, అడగకపోతే ఎవరూ ఇవ్వరు.

డబ్బు పంపే పద్ధతి గురించి రెండు మాటలు. పూర్తి అడ్వాన్స్ ఎప్పుడూ వద్దు. ఎల్‌సీ, అంటే డబ్బు చెల్లిస్తామని బ్యాంకు ఇచ్చే హామీ పత్రం, సురక్షితమే కానీ చిన్న ఫ్యాక్టరీకి బ్యాంకు మార్జిన్, చార్జీలు బరువు. నాకు నప్పింది బ్యాంకు ద్వారా డాక్యుమెంట్ల మీద చెల్లింపు. అది కూడా ఒరిజినల్ కాగితాలు బ్యాంకు నుంచి బ్యాంకుకే రావాలి. 2022లో వియత్నాం జీడిపప్పు వ్యాపారులు ఇటలీకి పంపిన కంటైనర్లలో 36 కంటైనర్ల ఒరిజినల్ కాగితాలు దారిలో మాయమై, డబ్బు రాకుండానే సరుకు చేజారే పరిస్థితి వచ్చింది. అక్కడ అమ్మినవాళ్లు ఇరుక్కున్నారు, మనం కొనేవాళ్లం, అయినా కాగితం ఎవరి చేతిలో ఉంటే సరుకు వాళ్లదే అన్న సంగతి రెండు వైపులా ఒకటే.

మొదటిసారే సొంత కంటైనర్ వద్దని నా సలహా. ముందు వైజాగ్ ఇంపోర్టర్ గోడౌన్లో ఐదు టన్నులు కొనండి, మూడు నాలుగు దేశాల పిక్క కోసి చూడండి, ఏది మీ బాయిలర్‌కి, మీ కూలీల చేతికి నప్పుతుందో తెలుస్తుంది. ఆఫ్రికా పిక్కకి ఉడికించే సమయం ఉద్దానం పిక్కకి పెట్టినంతే పెడితే గుండు (విరగని పూర్తి పప్పు) తగ్గి బద్ద, ముక్క పెరుగుతాయి, అదొక నష్టం. తర్వాత సముద్రం మీద ఉన్న సరుకుని హై సీ సేల్‌లో కొనండి. ఆ తర్వాత ముగ్గురు కలిసి ఒక కంటైనర్. నేరుగా ఒంటరిగా దిగడం నాలుగో మెట్టు.

ఉద్దానం రైతుల మాట కూడా మనసులో పెట్టుకోండి. బయటి పిక్క వచ్చి మా రేటు చంపుతోందని, 80 కిలోల బస్తాకి 16 వేలు ఇప్పించాలని వాళ్లు రోడ్డెక్కారు. వాళ్ల కోపంలో న్యాయం లేకపోలేదు. ఏప్రిల్, మే నెలల్లో మన తోటల పిక్క కొని, ఆఫ్రికా సరుకు జూలై తర్వాతకి చేరేలా చూసుకుంటే మన గోడౌనూ నలగదు, వాళ్ల రేటూ నలగదు. పైగా ఆఫ్రికా పచ్చి పిక్క ఎల్లకాలం ఇలాగే దొరుకుతుందనుకోవద్దు. పచ్చి పిక్క ఎగుమతి 2024 ఏప్రిల్ నుంచి ఆపేస్తామని బెనిన్ 2022లోనే ప్రకటించి, గ్లో-జిగ్బే పారిశ్రామిక వాడలో సొంతంగా పప్పు తీసే ఫ్యాక్టరీలు పెట్టించింది. మనం మన ఊళ్లో చేసే పనే వాళ్లూ వాళ్ల ఊళ్లో చేసుకుంటామంటున్నారు, తప్పెలా అంటాం. బెనిన్ సరుకు అని ఎవరైనా ఆఫర్ పెడితే ఆ సీజన్‌లో ఎగుమతికి అనుమతి ఉందా అన్నది మొదటి ప్రశ్నగా అడగండి.

ఇక కంటైనర్ వచ్చిన రోజు. సీల్ నంబర్ బిల్ ఆఫ్ లేడింగ్‌తో సరిచూసి, ఫొటో తీసి, ఆ తర్వాతే తెంచండి. తలుపు తీసేటప్పుడు వీడియో ఆన్‌లో ఉండాలి. వేడి ఆవిరి ముఖానికి కొట్టినా, పైవరుస బస్తాలు తడిగా ఉన్నా దించడం ఆపి సర్వేయర్‌ని పిలవండి, దించేశాక ఇన్సూరెన్స్‌వాళ్లు ఏ మాటా వినరు. పాలసీలో చెమట, వేడి వల్ల నష్టం కలిపించుకున్నారో లేదో ఇప్పుడు కాదు, కొన్న రోజే చూసుకుని ఉండాలి. దించిన పిక్కని వెంటనే అట్టీ (బస్తాల దొంతర) పెట్టకండి, కళ్లంలో ఒకటి రెండు రోజులు ఎండబెట్టి, చెక్కల మీద, గోడకి దూరంగా పేర్చండి. కోత పరీక్షకి తీసిన శాంపిల్‌లో రెండు కిలోలు విడిగా సంచిలో కట్టి, సర్వేయర్ సంతకంతో సీల్ వేయించి బీరువాలో పెట్టండి. ఆ రెండు శాతం లెక్క తేలేదాకా ఆ సంచి ఎవరికీ ఇవ్వొద్దు, ఇంట్లోవాళ్లు పప్పు వేయించుకుందామని అడిగినా సరే.